ఎర్రనీళ్ళ కొట్టులో తొలి నవ్వు

వెర్నా చేతికి పిల్లనివ్వొద్దని ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనకుండానే అమలు చేశారు. ఆమె చెల్లెలి హోగన్ ఇంటి మట్టి గడప దాటి లోపలికొచ్చి, చేతులు పావడాకి తుడుచుకుని, "ఏదీ నా బంగారు?" అని వంగేసరికి, చెల్లెలు డెల్ఫీన్‌కి మనవరాలి గుడ్డలు మార్చాలని గుర్తొచ్చేది. గుడ్డలయ్యాక పాలు. పాలయ్యాక నిద్ర. మూడు నెలలైనా నిండని పిల్లకి ఇంత తీరికలేని బతుకుంటుందని వెర్నా ఎన్నడూ అనుకోలేదు.

కారణం ఆమెకి తెలియక కాదు. ఆ పిల్ల, షాండీన్, ఇంకా నవ్వలేదు. పెదవులు సాగదీస్తుంది, బుగ్గలు పొంగిస్తుంది, కానీ గొంతు విప్పి నవ్వలేదు. ఆ తొలి నవ్వు ఎవరు నవ్విస్తే వాళ్ళు గొర్రెను కోసి ఊరికి భోజనం పెట్టాలి, పిల్ల చేత వచ్చినవాళ్ళందరికీ ఉప్పు పెట్టించాలి. నవ్వించిన మనిషి చెయ్యి ఎలాంటిదో, పెద్దయ్యాక పిల్ల చెయ్యీ అలాంటిదే అవుతుంది. అమెరికా నవాహో తెగవాళ్ళ ఇళ్ళలో ఈ సంగతి పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు.

ఇక వెర్నా చెయ్యి సంగతి. ఎంగిలి చేత్తో కాకిని తోలదని ఎర్రనీళ్ళ ఊళ్ళో ఆమెకి పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, అదీ చెప్పుకోవాలి. బిస్కట్టు ఇస్తే సగం విరిచి ఇచ్చేది. చుట్టాలొస్తే ఆమె కాచిన కాఫీలో కప్పు అడుగు కనిపించేది. మగ్గం మీద తెగిన పోగుల్ని డబ్బాలో దాచి, ఆ డబ్బా మూత పోకుండా దానికొక తాడు కట్టింది. పెనిమిటి పోయాక ఒంటరిగా గొర్రెల్ని సాకే మనిషికి అలా కాక ఎలా ఉంటుందని ఎవరైనా అడగొచ్చు. ఎవరూ అడగలేదు.

డెల్ఫీన్ మాత్రం ఈ నవ్వు కోసం ఎప్పుడో మనిషిని చూసిపెట్టింది. వాళ్ళిద్దరికీ తమ్ముడు లేలాండ్, ఊరి సభకి పెద్ద. నలుగురొస్తే పదిమందికి వండించే రకం. మనవరాలికి ఆ చెయ్యి రావాలని డెల్ఫీన్ పట్టుదల. లేలాండ్ రోజూ పొద్దున్నే వచ్చి, టోపీ తీసి, పిల్ల ముందు గొంతుక్కూర్చుని మేకలా అరిచేవాడు, టర్కీకోడిలా మెడ ఊపేవాడు. చక్కిలిగిలి పెట్టకూడదు, పెడితే ఆ నవ్వు లెక్కలోకి రాదు. షాండీన్ ఆయన్ని పరాయి ఊరి గాడిదను చూసినట్టు చూసేది.

"ఇవాళ కొంచెం పెదవి కదిలింది కదే?" అనేవాడు లేలాండ్.

"గాలి పోయింది మామా," అనేది లొరిండా. పిల్ల తల్లి ఆమె. డెల్ఫీన్ కూతురు. మాట తక్కువ, కళ్ళు మాత్రం చురుకు.

ఏటా కత్తిరించిన ఉన్నిని కొట్టుకి తూచి అమ్మే ఉన్ని రోజు వచ్చింది. ఆ రోజు ఎర్రనీళ్ళ కొట్టుకి రానివాడు ఊళ్ళో లేనివాడే. నూరేళ్ళ పైబడిన రాతి కట్టడం అది. లోపల గచ్చు పల్లంలో, కౌంటరు గుండెల ఎత్తులో ఉంటాయి. ఆ కొట్టు పెట్టిన మొదటి మెక్రే వచ్చినవాళ్ళని పై నుంచి చూడాలని అలా కట్టించాడు. ఇప్పటి మెక్రే పొట్టివాడు కాబట్టి కౌంటరు వెనక పీట వేసుకుని నిలబడతాడు. వేసవిలో యాత్రికులు కెమెరాలు మెళ్ళో వేసుకుని వచ్చి ఆ కౌంటర్నీ, గోడకి వేలాడే జీనుల్నీ ఫొటోలు తీసుకుంటారు. పీట సంగతి వాళ్ళకెవరూ చెప్పరు.

కొట్టు వెనక ఉన్నికొట్టం. దాని దూలానికి ఇనప చట్రం, ఆ చట్రానికి మనిషిన్నర పొడుగు గోతాం వేలాడుతోంది. అందులో ఒకరు దిగి తొక్కుతుంటే పై నుంచి ఇంకొకరు ఉన్ని పడేయాలి. తొక్కినకొద్దీ అడుగు గట్టిపడి, మనిషి నెమ్మదిగా పైకి లేస్తాడు. ఏటా తొక్కే హార్వే ముందురోజే గుర్రం మీంచి పడి మడమ బెణికించుకున్నాడు. మగవాళ్ళంతా ట్రక్కులకి ఆనుకుని, నువ్వు దిగంటే నువ్వు దిగని, వేలికి బదులు పెదవులు చాచి ఒకరినొకరు చూపించుకుంటున్నారు.

"తొక్కకపోయినా ఏమైంది, వదులుగా కుక్కేద్దాం," అన్నాడు మెక్రే. "నాలుగు గోతాలు ఎక్కువ పడతాయి, అంతేగా."

ఆ మాట వెర్నా చెవిన పడింది. నాలుగు మంచి గోతాలు దండగ. అవి ఆమెవీ కావు, ఊరివీ కావు, మెక్రేవి. అయినా ఆమె తట్టుకోలేకపోయింది.

"నిచ్చెన పట్టుకోండి," అంది.

"నువ్వా అక్కా?" అన్నాడు లేలాండ్.

"నా కాళ్ళకేం, బెణికాయా?"

పావడా ఎగ్గట్టి, తలగుడ్డ బిగించి, అరవై దాటిన మనిషి నిచ్చెనెక్కి గోతాంలోకి దిగిపోయింది. లోపల చీకటి. గొర్రె కొవ్వు వాసన, జనపనార దుమ్ము. పై నుంచి మొదటి ఉన్ని తుట్టె నెత్తిన పడింది. దాన్ని కాళ్ళ కిందకి లాగి, అంచుల వెంట మడమతో అదిమి, మధ్యలో గెంతింది. ఉన్ని తొక్కడం తేలికని అనుకునేవాళ్ళు ఎప్పుడూ తొక్కనివాళ్ళే. పాదం ఆనిన చోట దిగబడుతుంది, లాగిన చోట పట్టుకుంటుంది. వెర్నా ఊపిరి బిగబట్టి తొక్కింది. ఎన్ని తుట్టెలు పడ్డాయో గాని, నడుం నొప్పి తెలిసేవేళకి వెలుతురు దగ్గరికొచ్చింది. గెంతితే చేతికి చట్రం తగులుతోంది. ఇంకాసేపటికి గెంతితే కళ్ళు గోతాం అంచు దాటి బయటికి చూస్తున్నాయి.

ఎదురుగా, కొట్టం గోడకి ఆనించిన ఊయలపలకలో షాండీన్. మెడ దాకా తాళ్ళతో బిగించిన మూట. దాని ముందు లేలాండ్ గొంతుక్కూర్చుని, వెర్నాకి వీపు చూపిస్తూ మేకలా అరుస్తున్నాడు. పిల్ల చూపు ఆయన భుజం దాటి పైకుంది.

వెర్నా కిందకి దిగబడింది. మళ్ళీ గెంతింది. ఈసారి నెత్తి మీద ఒక ఉన్ని తుట్టె అలాగే నిలిచిపోయి, ఒక చెవి మీదికి జారింది. పిల్ల నోరు తెరుచుకుంటోంది. వెర్నాకి తుమ్మొచ్చింది. తుమ్ముతూనే మళ్ళీ లోపలికి పడిపోయింది. పడిన చోట, ఆ చీకట్లో, ఆమెకి వినిపించింది. చిన్న గొంతు, మరిగే నీళ్ళ గిన్నె మూత ఎగిరినట్టు, ఆగి ఆగి. నవ్వే.

ఆమె గెంతబోయింది. పైన ఉన్నవాడు ఉత్సాహంలో రెండు తుట్టెలు ఒకేసారి పడేశాడు. "ఓరి నీ..." అన్న మాట ఉన్నిలోనే ఇంకిపోయింది. ఆమెని చంకల కింద పట్టుకుని బయటికి లాగేసరికి అంతా అయిపోయింది. డెల్ఫీన్ తమ్ముణ్ణి కావలించుకుని ఏడుస్తోంది. జనం లేలాండ్ చెయ్యి తాకి పోతున్నారు. లేలాండ్ టోపీ చేత్తో పట్టుకుని ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు.

"నన్ను చూసి నవ్వింది," అంది వెర్నా. జుట్టంతా ఉన్ని. కనురెప్పల మీద కూడా.

జనం చూపులు డెల్ఫీన్ వైపు తిరిగాయి.

"నువ్వు గోతాంలో ఉన్నావు కదక్కా," అంది డెల్ఫీన్, కళ్ళు తుడుచుకుంటూ. "గోతాంలో ఉన్నవాళ్ళని చూసి ఎవరు నవ్వుతారు?"

"అందరూ నవ్వుతారు," అన్నాడు ఉన్నిమూట మీద కూర్చున్న ముసలి బిట్సిలీ. డెల్ఫీన్ ఆయనకేసి ఒక చూపు చూసింది. ఆయన మీసం సవరించుకున్నాడు.

"నీ మంచికే చెప్తున్నానక్కా. గొర్రెను కొయ్యాలి. ఊరంతటికీ పెట్టాలి. ఆ కష్టం నీకెందుకు?" డెల్ఫీన్ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "శనివారం సభ ఇంటి దగ్గర లేలాండ్ పెడతాడు. నువ్వు ముందే వచ్చి కూర్చో. నీకు మంచి ముక్క వేయిస్తాను."

కోపం వస్తే అరిచే మనిషే వెర్నా, ఆ రోజు అరవలేదు. లొరిండా వైపు చూసింది. లొరిండా ఊయలపలక తాళ్ళు బిగిస్తూ తల వంచుకుంది. అప్పటికే బిగిసి ఉన్న తాళ్ళని మళ్ళీ బిగిస్తోంది.

మర్నాడంతా వెర్నా గొర్రెల వెంట తిరిగింది. వాటితోనే వాదించింది. "నేనేమైనా అడుక్కున్నానా? నేనేమైనా మేకలా అరిచానా? వచ్చింది, నవ్వింది, నాది." గొర్రెలు ఒప్పుకున్నాయి. మందలో ఒక గొడ్డు గొర్రె ఉంది, వీపు మీద వేలు దిగనంత కొవ్వు పట్టింది. పెద్ద పండగ ఏదైనా వస్తే అమ్ముదామని రెండేళ్ళుగా దాచిన గొర్రె. వెర్నా దాని చెవి పట్టుకుని చాలాసేపు చూసింది. తరవాత చెవి వదిలి, ట్రక్కెక్కి కొట్టుకి పోయింది.

మెక్రే పీట మీద నిలబడి పీచ్ పండ్ల డబ్బాలు సర్దుతున్నాడు.

"శనివారం నీ వాకిలి కావాలి," అంది వెర్నా.

"శనివారం లేలాండ్ భోజనం కదా, సభ ఇంటి దగ్గర?"

"అక్కడ నవ్వించనివాడు పెడతాడు. ఇక్కడ నవ్వించినదాన్ని నేను పెడతాను. నవ్వు పుట్టింది నీ కొట్టంలో. నువ్వూ ఉన్నావు. ఏం చూశావో చెప్పు."

మెక్రే డబ్బా మీద దుమ్ము తుడిచాడు. రెండు వైపులా బేరమున్న మనిషి. "నేను తక్కెడ చూస్తున్నానమ్మా."

"నువ్వెప్పుడూ తక్కెడే చూస్తావు. వాకిలి ఇస్తావా లేదా?"

"తీసుకో," అన్నాడు మెక్రే. డబ్బా అరలో పెట్టి, "కట్టెలు కూడా వాడుకో," అన్నాడు.

వార్త గాలికన్నా ముందు పాకింది. వెర్నా భోజనం పెడుతుందట. వెర్నా! కొందరు ముక్కున వేలేసుకున్నారు. కొందరు గొర్రె బొమ్మను కోస్తుందేమోనన్నారు. తమాషా చూడటానికైనా కొట్టు దగ్గరికే పోవాలని చాలామంది ఆ పూటే తేల్చేసుకున్నారు. వెర్నాకి ఇదంతా తెలుసు. ఆమె భయం వేరు. పిల్ల రాకపోతే అది వట్టి భోజనం. ఉప్పు పెట్టే చెయ్యి ఉండదు. ఊరు తిని, మూతి తుడుచుకుని, ఆమె చచ్చేదాకా చెప్పుకుని నవ్వుతుంది. అయినా పిల్లని పంపమని చెల్లెలి గుమ్మం తొక్కలేదు. తనదాన్ని తను అడుక్కోవడమేమిటని ఆమె పంతం.

శుక్రవారం మధ్యాహ్నం గొర్రెను కోసింది. ఆచారం ప్రకారం తల ఉత్తరానికి పెట్టి, కాళ్ళు కట్టి, గొంతు కింద గిన్నె పెట్టింది. నెత్తురు చుక్క నేల మీద పడనివ్వలేదు. చర్మం చీల్చి, పిడికిలి లోపలికి దూర్చి, తోలునీ కండనీ విడదీస్తుండగా లేలాండ్ ట్రక్కు వచ్చి ఆగింది. ఆయన దిగి, టోపీ తీసి, దూరంగా నిలబడ్డాడు. ఆ గొర్రెను గుర్తుపట్టాడు.

"ఇది నువ్వు అమ్ముదామన్న గొర్రె కదక్కా."

వెర్నా పిడికిలి ఆగలేదు.

"నేను చూశాను," అన్నాడు లేలాండ్. "పిల్ల నా మొహం చూడలేదు. నా భుజం మీదుగా చూసింది. వెనక్కి తిరిగేసరికి నీ తలగుడ్డ చివర లోపలికి పోతోంది."

"మరి అప్పుడే అనలేకపోయావా?"

"డెల్ఫీన్ అలా పట్టుకుని ఏడుస్తుంటే నోరు రాలేదక్కా."

వెర్నా అతనివైపు చూసింది. ఊరి సభలో గంటసేపు మాట్లాడే మనిషి, పిల్లాడిలా బూటు మొనతో మట్టి గీస్తున్నాడు. ఆమెకి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. దాన్ని లోపలే మింగింది.

"నోరు రాకపోతే పోనీ, చేతులొచ్చు కదా. ఆ కాలు పట్టుకో."

లేలాండ్ చొక్కా చేతులు మడిచి కాలు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పేగులు కడిగారు, సన్న పేగుని కొవ్వు ముక్క చుట్టూ చుట్టి నిప్పుల మీద వేశారు. అది చిటపటమంటుంటే నిలబడే తిన్నారు. పోతూ పోతూ లేలాండ్, "నా గొర్రె కూడా కోసే ఉంది. రేపు నీ పొయ్యి దగ్గరికే తెస్తాను," అన్నాడు.

"డెల్ఫీన్‌కి?"

"చెప్తాను. ఎలా చెప్పాలో దారిలో ఆలోచిస్తాను."

శనివారం ఎండెక్కేసరికి కొట్టు వాకిట్లో ట్రక్కులు పట్టలేదు. పొయ్యిల మీద మాంసం పులుసు కుతకుతలాడుతోంది. బాణలిలో రొట్టెలు పొంగి తిరగబడుతున్నాయి. నీలి మొక్కజొన్నపిండి జావలో వెర్నా జునిపెర్ కొమ్మలు కాల్చిన బూడిద కలిపి గరిటె తిప్పుతోంది. దారిన పోయే యాత్రికుల జంటొకటి ఆగి, కొట్టు తెరిచే ఉందా అని అడిగింది. "ఇవాళ అన్నీ తెరిచే ఉన్నాయి, కూర్చోండి," అన్నాడు బిట్సిలీ. వెర్నా ఆ మాట విని వాళ్ళకీ రెండు చిప్పలు తీసిపెట్టింది.

కానీ పిల్ల రాలేదు. ఉప్పు ముట్టకుండా ఎవరూ తినరు. పిల్లలు పొయ్యి చుట్టూ చేరి గుటకలు మింగుతున్నారు. పెద్దవాళ్ళు వెర్నా మొహం చూడకుండా ఆకాశం చూస్తున్నారు. కొట్టు మెట్ల మీద మెక్రే, పీట లేకుండా, మామూలు ఎత్తులో నిలబడ్డాడు. వెర్నా జావ తిప్పుతూనే ఉంది. అడుగంటినా ఆమెకి తెలియలేదు.

దుమ్ము లేపుకుంటూ లేలాండ్ ట్రక్కు వచ్చింది. వెనక తొట్టిలో కోసిన గొర్రె. ముందు డెల్ఫీన్, మొహం గంటు పెట్టుకుని, సీటుకి అతుక్కున్నట్టు కూర్చుంది. తలుపు తెరిచి పిల్లని ఎత్తుకుని దిగింది లొరిండా. పిల్లకి కొత్త మెత్తటి తోలు చెప్పులు, మెళ్ళో పచ్చరాళ్ళ దండ. తిన్నగా పొయ్యి దగ్గరికి నడిచింది.

"నేనూ చూశాను పెద్దమ్మా," అంది. "దాని కళ్ళు ఎక్కడున్నాయో తల్లికి తెలియదా? అమ్మ ముందు నోరు పెగల్లేదు. ఇవాళ పెగిలింది."

అని షాండీన్‌ని వెర్నా చేతుల్లో పెట్టింది.

వెర్నా గరిటె ఎవరికిచ్చిందో ఆమెకే తెలియదు. ఎన్నాళ్ళనుంచో వంగి వంగి చూసిన పిల్ల. అనుకున్నదానికన్నా బరువుంది, అనుకున్నదానికన్నా వెచ్చగా ఉంది. మెడ దగ్గర పాలవాసన. వెర్నాకి కళ్ళు చెమ్మగిల్లాయి, పొగవల్ల అని ఆమె ఎవరికీ చెప్పలేదు.

మేకతోలు సంచీ విప్పి, ఉప్పుసరస్సు నుంచి తెచ్చిన రాతి ఉప్పు బుట్టలో పోసింది. జనం వరస కట్టారు. ముందు బిట్సిలీ, చిప్పలో పులుసు, మీద రొట్టె ముక్క. వెర్నా పిల్ల చేతిని ఉప్పులో పెట్టింది. చిన్న వేళ్ళు ఉప్పుని పట్టుకున్నాయి. చేతిని చిప్ప మీదికి తెచ్చింది.

పిడికిలి తెరుచుకోలేదు.

వెర్నా చెయ్యి కొంచెం ఊపింది. పిడికిలి ఇంకా బిగిసింది. బిట్సిలీ చిప్ప పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. "చెయ్యి అప్పుడే వచ్చేసినట్టుంది," అని ఒక ఆడమనిషి పక్కదాని చెవిలో అంది, ఆ మాట వాకిలంతా వినబడింది. ట్రక్కు తలుపు చప్పుడైంది. డెల్ఫీన్ దిగి వస్తోంది. ఒక పులుసు చిప్ప తీసుకుని వరస పక్కనే వచ్చి నిలబడింది. ఆమె మొహంలో నేను చెప్పలేదా అన్న మాట ఇంకా పుట్టలేదు, పుట్టడానికి సిద్ధంగా ఉంది.

వేళ్ళు విడదీయడం ఎంత పని. చిటికెనవేలు ఎత్తితే మిగతావి అవే లేస్తాయి. కానీ విడదీసి ఇప్పించింది ఇచ్చినట్టు కాదు. చక్కిలిగిలి నవ్వు నవ్వు కానట్టే. వెర్నా ఆ వేళ్ళు ముట్టుకోలేదు. తన ఖాళీ చెయ్యి ఉప్పు బుట్టలోకి పోనిచ్చి, చిటికెడు కాదు, పట్టినంత తీసింది. పిల్ల మొహం ముందు అరచెయ్యి బార్లా తెరిచింది. ఉప్పు కుప్ప. ఎండకి మెరుస్తోంది.

"చూడవే బంగారూ," అంది. "ఎంతుందో చూడు. తరగదు."

షాండీన్ చూసింది. ఆ పెద్ద చెయ్యినీ చూసింది, దాని వెనక మొహాన్నీ చూసింది. ఆ మొహం ఏదో గుర్తొచ్చినట్టు నోరు తెరిచింది. పిడికిలి విప్పి, రెండు చేతులూ ఎత్తి ఆ ఉప్పు కుప్ప మీద ఫెడీమని కొట్టింది.

ఉప్పు లేచింది. బిట్సిలీ చిప్పలో పడింది, ఆయన మీసంలో పడింది. వెనకవాళ్ళ టోపీల మీద, యాత్రికుల కెమెరా మీద పడింది. పెద్ద భాగం డెల్ఫీన్ పులుసులో పడింది. పిల్ల గొంతెత్తి కిలకిలా నవ్వింది. మళ్ళీ కొట్టింది.

మొదట బిట్సిలీ నవ్వాడు. తరవాత ఇక ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారో తెలియలేదు. లేలాండ్ ట్రక్కుకి ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు. "చిటికెడు ఇవ్వమంటే సంచీ ఇచ్చేస్తోంది ఈ పిల్ల!" అన్నారెవరో. "మరి ఎవరు నవ్వించారనుకున్నావు?" అన్నాడు బిట్సిలీ, మీసంలో ఉప్పు నాకుతూ. చెవిలో మాట చెప్పిన ఆడమనిషి అందరికన్నా ముందు చిప్ప చాపింది.

వరస కదిలింది. షాండీన్ ఒక్కరికీ తక్కువ పెట్టలేదు. కొందరి చిప్పలోకి జల్లింది, కొందరి చొక్కాలోకి జల్లింది. తిన్నవాళ్ళు మళ్ళీ వచ్చారు. గొర్రె అయిపోతే వెర్నా లేలాండ్ గొర్రెని పొయ్యెక్కించింది. ఎవరి చిప్పైనా ఖాళీ కనబడితే అడక్కుండా నింపింది. సగానికి పోయడం ఆమె మరిచిపోయింది.

డెల్ఫీన్ మాత్రం ఒక ఉన్నిమూట మీద కూర్చుని తన చిప్ప తను తింటోంది. పిల్ల చేతి ఉప్పు పడిన తిండి పారబోయకూడదు. నోట పెట్టుకోలేనంత ఉప్పు. ఒక్కో ముద్దకీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా ఆపలేదు. చివర రొట్టె ముక్కతో చిప్ప అడుగు తుడిచి, అదీ తింది.

వెర్నా పిల్లని భుజాన వేసుకుని, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎలా ఉంది?" అంది.

డెల్ఫీన్ అక్కని చూసింది. భుజం మీద నిద్రలోకి జారుతున్న మనవరాలిని చూసింది. పిల్లని తీసుకోవడానికి చెయ్యి చాపలేదు. చిప్ప చాపింది.

"ఉప్పు మరీ ఎక్కువైందక్కా," అంది. "ఇంకో గరిటె పొయ్యి."